దోమకు కులం లేదు, మురుగుకు ఉంది



ఈ వారం రేషన్ కార్డుల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి పోయింది. ఈ వారం దోమల గురించి రాయాల్సి వచ్చింది. నవ్వకండి.

మా చెల్లెలి కొడుకు, ఆరేళ్లవాడు, డెంగీతో నంద్యాలలో ఆరు రోజులు పడుకుని నిన్న ఇంటికొచ్చాడు. బతికాడు. చెల్లెలి కమ్మలు మాత్రం కుదువ పెట్టిన చోటే ఉన్నాయి. వచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టి పంపారు. ఇంటి చుట్టూ నీళ్లు నిలవనీయకండి, పెరడు శుభ్రంగా ఉంచుకోండి, కిటికీలకు జాలీ కొట్టించుకోండి అని ఉంది అందులో. చెల్లెలు చదివి నన్నడిగింది: "అన్నా, మనకు పెరడంటే ఏది?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

మా అవుకు మండలంలోని ఆ పల్లె పేరు రాయను. రాస్తే ఒక్క ఊరి తప్పులాగా ఉంటుంది. మీ ఊరి పేరు పెట్టుకుని చదవండి, సరిపోతుంది. చెల్లెలిది ఒకటిన్నర సెంటు ఇల్లు. వాకిలి దాటితే మురుగు కాలువ. పై వీధుల స్నానాల నీళ్లు, గిన్నెల నీళ్లు, పశువుల కొట్టాల నీళ్లు అన్నీ కలిసి వాడ దాకా వస్తాయి. అక్కడ ఆగిపోతాయి. ఆ తర్వాత కాలువే లేదు, ఎవరిదో చేను గట్టు ఉంది. ఊరు కట్టినప్పుడు మనల్ని పల్లంలో పెట్టారు. నీళ్లు పల్లమెరుగును కదా!

ఇదే మండలంలో కొండను తొలిచి సొరంగాలు వేశారు. గాలేరు-నగరి కాలువకు కృష్ణా నీళ్లు ఆ కొండ లోపలి నుంచి పోతాయి. కొండకు బొక్క పెట్టగలిగిన ఇంజనీరింగు మా వాడ కాలువకు రెండు వందల అడుగుల వాలు ఇవ్వలేకపోయింది. చేతకాక కాదు. అడిగేవాడి గొంతు వినబడక.

ఇప్పుడు నిజాయితీగా ఒక మాట. పిల్లోడికి డెంగీ తెచ్చింది ఆ మురుగు దోమ కాదు. మురుగులో పెరిగేది క్యూలెక్స్. రాత్రి కుట్టేది అదే, బోదకాలు తెచ్చేదీ అదే. డెంగీ తెచ్చే ఏడిస్ పగలు కుడుతుంది. దానికి మురుగు నచ్చదు, మంచినీళ్లు కావాలి. మలేరియా తెచ్చే అనాఫిలిస్ కూడా తేట నీళ్లే వెతుక్కుంటుంది. మన దగ్గర నాపరాయి తవ్వి వదిలేసిన గుంతల్లో నిలిచే వాన నీళ్లు దానికి చాలు. అంటే పిల్లోడిని కుట్టిన దోమ మా ఇంటి డ్రమ్ములోనో పక్కింటి డ్రమ్ములోనో పుట్టింది. ఏడిస్ కొన్ని వందల మీటర్లు దాటి పోయే రకం కాదు.

"చూశావా, తప్పు మీదే" అనేవాళ్లు ఆగండి. ఆ డ్రమ్ము అక్కడ ఎందుకుంది? కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది కాబట్టి. శుక్రవారం డ్రై డే, నిల్వ నీళ్లన్నీ పారబోయండి అంటారు. మంచి మాటే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, వారానికొకసారి పారబోస్తే ఆ చుట్టు తెగుతుంది. కానీ గురువారం రాత్రి కొళాయి దగ్గర కొట్లాడి పట్టుకున్న నీళ్లను శుక్రవారం పొద్దున ఏ తల్లి పారబోస్తుంది?

ఇక పొగ మిషను. డెంగీ కేసు బయటపడగానే వస్తుంది, మెయిన్ రోడ్డు మీద పోతుంది, ఫోటో దిగుతుంది. ఆ పొగ ఎగురుతున్న దోమనే చంపుతుంది. నీళ్లలోని పిల్లపురుగుకు ఏమీ కాదు. వారం తిరిగేసరికి కొత్త దోమలు. మనవాళ్లు కొనే కాయిల్ సంగతి ఇంకా ఘోరం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని మసి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. కిటికీ లేని గదిలో రాత్రంతా అది పీల్చేది మన పిల్లలే.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు తాగింది హుసేన్ ఖాన్ అనే పేద రోగి రక్తం. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా ఇచ్చారు. నోబెల్ రాస్‌కు వచ్చింది. ఆ రాసే తర్వాత ఏం చెప్పాడు? మనుషులను దళాలుగా పెట్టి గుంతలు పూడ్చండి, కాలువలు పారించండి అన్నాడు. ఇంటింటికీ కాయిల్ కొనుక్కోమనలేదు. దోమ ఇంటి సమస్య కాదు, ఊరి సమస్య అని నూరేళ్ల కిందటే తేలిపోయింది.

ఊరి కాలువలు తీసేదెవరో మీకు తెలుసు. పొద్దున ఐదింటికి పార పట్టుకుని పై వీధి కాలువ తీసేది మా చిన్నాయన. ఆయన ఇంటి ముందు కాలువ తీసే డ్యూటీ ఎవరికీ లేదు. ఇంతకంటే కులానికి నిర్వచనం కావాలా?

కాబట్టి రెండు పనులు చేద్దాం.

ఒకటి, మన చేతిలోది. డ్రమ్ముల మూతికి పాత చీర గట్టిగా బిగించి కట్టండి. ఖాళీ అయినప్పుడు ఊరికే కడిగితే చాలదు, లోపలి అంచును పీచుతో రుద్దండి. ఏడిస్ గుడ్లు అక్కడ అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. ఇంటి మీది టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు తీసేయండి. జయంతికి ఫ్లెక్సీ కట్టే మన కుర్రాళ్లు శుక్రవారం ఒక గంట ఈ పనికి ఇస్తే బాబాసాహెబ్ సంతోషిస్తాడు. నన్నూ కలుపుకునే అంటున్నాను.

రెండు, వాళ్ల చేతిలోది. ఆరోగ్యం, పారిశుధ్యం పంచాయతీల పనుల్లోవని రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోనే ఉంది. 1980 రత్లాం కేసు గుర్తు పెట్టుకోండి. మధ్యప్రదేశ్‌లోని ఆ ఊళ్లో ఒక వార్డు జనం మురుగు, కంపు, దోమలు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి పోయారు. మున్సిపాలిటీ డబ్బులేదంది. డబ్బులేదన్న సాకుతో బాధ్యత తప్పించుకోలేరని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చేశారు. అప్పటి 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. ఆర్డీవోకు ఆ సెక్షన్ రాసి అర్జీ పెట్టొచ్చు. కాలువ ఫోటోలు, జ్వరాలొచ్చిన ఇళ్ల జాబితా, వాడ అందరి సంతకాలు జతచేయండి. గ్రామసభలో మాట్లాడి, తీర్మానం పుస్తకంలో రాయించేదాకా లేవకండి.

మా చెల్లెలు అర్జీ రాసింది. మొదటి సంతకం తనదే. రెండోది చిన్నాయనది, వేలిముద్ర.

ఏమైందో వచ్చే వారం చెబుతాను. మీ వాడ కాలువ ఎక్కడ ఆగిపోతుందో చూసి రండి.

జై భీమ్.