మెడలో బిళ్ల లేదు కదా అనే ధీమా

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక నడివయస్సు రైతు మెడలో పెద్ద బిళ్లతో నా దగ్గరకు వచ్చాడు. అతని చెవి వెనుక ఒక పాత గాయపు మచ్చ కనిపించింది. అడిగితే, అక్కడ పెరుగుతూ వచ్చిన నల్లమచ్చను రెండేళ్ల కిందట ఎవరో సున్నం, సోడా పెట్టి కాల్చివేశారని చెప్పాడు. ముక్క పరీక్షకు పోలేదు. మెడ సంగతి ఎవరూ ఆలోచించలేదు. బిళ్లను పరీక్షిస్తే మెలనోమా అని తేలింది. అప్పటికి మేము చేయగలిగినది చాలా తక్కువ.

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే క్యాన్సర్. ఇది తెల్లజాతి వారిలో ఎక్కువ, మనలో అరుదు. మనవారికి వచ్చినప్పుడు తరచుగా అరికాలిలోనో, గోరు కిందనో వస్తుంది. అయితే తల, ముఖం, మెడ చర్మానికి మినహాయింపు ఏమీ లేదు. ఈ క్యాన్సర్ కణాలు మొదట సాధారణంగా లింఫ్ నాళాల వెంట ప్రయాణించి దగ్గరలోని లింఫ్ గ్రంథిలో ఆగుతాయి. అలా మొట్టమొదట ఎదురయ్యే గ్రంథినే కావలి గ్రంథి, అంటే సెంటినెల్ నోడ్ అంటారు. దానిని మాత్రమే వెతికి, తీసి, సూక్ష్మదర్శిని కింద చూసే పద్ధతిని అమెరికా శస్త్రవైద్యుడు డొనాల్డ్ మోర్టన్ బృందం 1992లో ప్రచురించింది. మచ్చ దగ్గర స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్ని, నీలిరంగును ఎక్కించి, అవి చేరిన గ్రంథిని గామా ప్రోబ్ అనే పరికరంతో గుర్తిస్తారు.

ఈ పరీక్ష వద్దనేవారు నాలుగు మాటలు చెబుతారు. నాలుగింటికీ జవాబు చెప్పవలసిందే.

మొదటిది, కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట. మెలనోమా విషయంలో దీనికి ఆధారం లేదు. ప్రమాదం అంతా ముక్క తీయకుండా కాల్చివేయడంలోనే ఉంది. మచ్చ ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందో, పైన పుండుపడిందో లేదో ఆ ముక్కే చెబుతుంది. కాల్చినవాడు ఆ సాక్ష్యాన్నే కాల్చివేస్తున్నాడు.

రెండవది, బిళ్ల తగలడం లేదు, స్కాన్ బాగుంది, ఇంకా వెతకడం ఎందుకన్న మాట. గ్రంథిలో ఒక మిల్లీమీటరు కూడా లేని క్యాన్సర్ గుంపు చేతికి తగలదు. పెట్ స్కాన్‌కు కూడా అందదు. స్కాన్ బాగుందంటే పెద్దది ఏదీ కనిపించలేదని మాత్రమే అర్థం.

మూడవది దీనికి పూర్తిగా ఎదురుమాట. అనుమానం ఎందుకు, మెడలోని గ్రంథులన్నీ తీసివేస్తే పోతుంది కదా అంటారు. నోటి క్యాన్సర్‌లో ఈ ఆలోచనకు బలముంది. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలిదశ నోటి క్యాన్సర్‌కు మెడ గ్రంథులను ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది జీవించి ఉండగా, బిళ్ల కట్టేదాకా ఆగినవారిలో 67.5 శాతం మందే మిగిలారు. కానీ ఒక జబ్బు సూత్రాన్ని మరో జబ్బుకు అంటగట్టరాదు. మెలనోమాలో కావలి గ్రంథికి క్యాన్సర్ ఉన్నా, మిగిలిన గ్రంథులన్నీ వెంటనే తీసివేసినందువల్ల ఆయుష్షు పెరగలేదని 2017లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం చూపింది. రెండు వర్గాలలోనూ మూడేళ్లకు 86 శాతం మంది ఈ జబ్బుతో మరణించకుండా ఉన్నారు. వాపు కష్టం మాత్రం అన్నీ తీసినవారిలో 24 శాతం మందికి, తీయనివారిలో 6 శాతం మందికి వచ్చింది.

నాలుగవది చదువుకున్నవారి మాట. ఈ పరీక్ష చేసినంతమాత్రాన మొత్తం మీద ప్రాణాలు ఎక్కువగా నిలుస్తాయని రుజువు కాలేదు కదా అంటారు. నిజమే, 2014 నాటి అధ్యయనం ఆ మాటే చెప్పింది. అదే అధ్యయనం మరో సంగతి కూడా చెప్పింది. మధ్యస్థ మందం గల మెలనోమాలో కావలి గ్రంథి శుభ్రంగా ఉన్నవారిలో పదేళ్లకు 85 శాతం మంది, క్యాన్సర్ ఉన్నవారిలో 62 శాతం మంది ఈ జబ్బు వాత పడకుండా ఉన్నారు. ఇంత తేడాను ముందే చెప్పే పరీక్షను వ్యర్థమనడం ఏ న్యాయం? గ్రంథిలో క్యాన్సర్ ఉంటే అది మూడవ దశ. మూడవ దశ అని తెలిసినవారికి నేడు ఇమ్యునోథెరపీ వంటి మందులు ఉన్నాయి. దశ తెలియనివారికి వాటి ప్రస్తావనే రాదు.

తల, మెడ భాగంలో ఈ పరీక్ష కష్టతరమన్నది ఒప్పుకోవాలి. ఇక్కడ లింఫ్ దారులు మన అంచనాకు లొంగవు. నుదుటి మచ్చ చెవి ముందరి లాలాజల గ్రంథిలోకి పోవచ్చు, నడినెత్తి మచ్చ రెండు వైపులకూ దిగవచ్చు. మచ్చకు గ్రంథి మరీ దగ్గరగా ఉంటే రేడియోధార్మికత వెలుగులో గ్రంథి మరుగున పడుతుంది. ముఖాన్ని కదిలించే నాడి అక్కడే ఉంది. ఉన్న క్యాన్సర్ దొరకకుండా పోయే అవకాశం కూడా చేతులు, కాళ్ల కంటే ఇక్కడ ఎక్కువ. కనుక అనుభవమున్న చేతులు కావాలి. కష్టం కాబట్టి మానివేద్దామనడం మాత్రం వైద్యం కాదు.

ఈ పరీక్ష అందరికీ అవసరం లేదు. మందం 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి, పుండుపడకపోతే సాధారణంగా అక్కర లేదు. ఒక మిల్లీమీటరు దాటితే తప్పక ఆలోచించాలి. ఆ రెంటి నడుమ ఉన్నా, పలుచని మచ్చ పుండుపడినా వైద్యునితో చర్చించాలి. వయసు, ఇతర జబ్బులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇదంతా చర్మపు మెలనోమా సంగతి. నోటిలో, ముక్కులో పుట్టే మెలనోమాకు ఈ కొలతలు వర్తించవు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు అని తేలితే, శస్త్రచికిత్సకు ముందే వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. మందం ఎంత? పుండుపడిందా? కావలి గ్రంథి పరీక్ష అవసరమా? ముందే అని ఎందుకు అంటున్నానంటే, మచ్చ చుట్టూ చర్మాన్ని వెడల్పుగా కోసిన తరువాత లింఫ్ దారులు చెదిరిపోతాయి, అసలు కావలి గ్రంథి ఏదో చెప్పడం కష్టమవుతుంది. రెండు పనులూ ఒకే మత్తులో, గ్రంథి పరీక్ష ముందుగా, జరగాలి.

పెరుగుతున్న, రంగు మారుతున్న, రక్తం కారుతున్న మచ్చను ఎవరిచేతా కాల్పించకండి. తీసిన ముక్క ఏదైనా సరే, పరీక్షకు పంపించారా లేదా అని నిలదీసి అడగండి. ఆ రైతు తరఫున ఈ మాట అడిగేవారు ఆనాడు ఎవరూ లేకపోయారు.