బరువు కట్టి లాగించందే బండిని పోటీకి పంపొద్దు!

ఇంజినీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, మెకానికల్ అధ్యాపకులకు, బాహా జట్ల విద్యార్థులకు విజ్ఞప్తి



మన రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి విద్యార్థులు ఎగుడుదిగుడు నేల మీద నడిచే ఒంటి సీటు బండ్లు (ఏటీవీలు) తయారుచేసుకుని బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలకు వెళ్తున్నారు. అమెరికాలో 1976లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ పోటీ 2007లో మన దేశానికి వచ్చింది. ఎక్కువగా ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో మట్టి దారుల మీద బండ్లను పరీక్షిస్తారు. బ్రేకులు, వేగం, మలుపులు, చివర నాలుగు గంటల ఓర్పు పందెం. వీటితోపాటు ఏడాదిని బట్టి కొండెక్కడమో, స్లెడ్జ్ (బరువు పెట్టి నేల మీద ఈడ్చే చక్రాల్లేని చట్రం) లాగడమో ఉంటుంది. ఈ కరపత్రం ఆ లాగుడు గురించే.

మేం అడుగుతున్నది ఒక్కటే. జట్టును పంపే ప్రతి కాలేజీ తన ఆవరణలో ముప్పై మీటర్ల మట్టి దారి, ఒక స్లెడ్జ్ ఏర్పాటు చేయాలి. వాటి మీద లాగి నెగ్గని బండిని లారీ ఎక్కించకూడదు.

ఎందుకింత పట్టుదల అంటారా? ఈ పోటీలో ఏళ్ల తరబడి పెట్రోల్ బండ్లన్నిటికీ ఒకే ఇంజిన్: బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 305 సీసీ, 10 హార్స్‌పవర్. దాని మీద చెయ్యి వేయడానికి నియమాలు ఒప్పుకోవు. డబ్బున్న కాలేజీకీ లేని కాలేజీకీ అదే శక్తి. కాబట్టి గెలుపోటములు గేర్ల నిష్పత్తి, బరువు పంపకం, టైరు, స్లెడ్జ్ తగిలించే కొక్కెం ఎత్తు దగ్గరే తేలతాయి. ఇవి కంప్యూటర్ తెర మీద ఎంత అందంగా కుదిరినా నేల ఒప్పుకోవాలి.

లెక్క చూడండి. ఇంజిన్ టార్కు సుమారు 19 న్యూటన్ మీటర్లు. బెల్టుతో నిష్పత్తి మార్చే సీవీటీ మూడు రెట్లు, గేర్‌బాక్స్ తొమ్మిది రెట్లు పెంచాయనుకుందాం. రాపిడికి అయిదో వంతు పోగా ఇరుసు దగ్గర మిగిలేది 410 న్యూటన్ మీటర్లు. చక్రం వ్యాసార్థం 28 సెంటీమీటర్లైతే లాగుడు శక్తి దాదాపు 150 కిలోల బరువంత. కాగితం మీద ఘనమే! కానీ డ్రైవరుతో కలిపి బండి 250 కిలోలు, అందులో 150 వెనక చక్రాల మీద ఉంటే, మంచి గట్టి మట్టి ఇచ్చే పట్టు 105 కిలోల దగ్గరే ఆగిపోతుంది. తక్కిన శక్తి దుమ్ము లేపడానికే.

ఇక్కడే కొక్కెం ఎత్తు తన పని చూపిస్తుంది. బండి లాగుతున్నంతసేపూ ముందు చక్రాల బరువు కొంత వెనక్కి మారుతుంది. నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తున కొక్కెం, ముందు వెనక చక్రాల మధ్య దూరం 140 అనుకుంటే, 100 కిలోల లాగుడుకు దాదాపు 29 కిలోలు వెనక చక్రాల మీదికి చేరి పట్టు పెరుగుతుంది. బాగుంది కదా అని కొక్కేన్ని 70కి ఎత్తితే, ఇంజిన్ పూర్తి బలంతో గుంజినప్పుడు ముందు చక్రాల మీద పాతిక కిలోలు మిగులుతాయి. చిన్న మిట్ట తగిలినా ముక్కు లేస్తుంది, స్టీరింగ్ పనికిరాదు. డ్రాబార్‌కు కట్టాల్సిన గొలుసును పైన కడితే ట్రాక్టర్ ఎలా లేస్తుందో రైతుబిడ్డను అడగండి, బోర్డు మీద బొమ్మ గీయకుండానే చెబుతాడు.

ఆ రైతుబిడ్డలు మన తరగతుల్లోనే ఉన్నారు. ఒంగోలు ఎడ్లతో బండ లాగించే తిరునాళ్లు చూసి పెరిగినవాళ్లు. కేటాయించిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో టేపు పట్టి కొలిచే ఊళ్ల నుంచి వచ్చి, కాలేజీలో మాత్రం బరువు కట్టని బండిని సిమెంటు రోడ్డు మీద నాలుగు చుట్లు తిప్పి, ఫొటో దిగి పంపేయడమేమిటి?

స్లెడ్జ్ చేయడం పెద్ద పనేం కాదు. ముందు అంచు పైకి వంచిన ఇనుప రేకు, కింద యాంగిల్ ఫ్రేమ్, మీద ఇసుక బస్తాలు. బండికీ స్లెడ్జ్‌కీ మధ్య ఒక కాటా తగిలిస్తే ఎంత బలం పట్టిందో అంకె కనబడుతుంది. బస్తా బస్తా పెంచుకుంటూ పోండి. టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు ఎంత మారిందో, బరువు పడ్డప్పుడు సీవీటీ కింది నిష్పత్తిలోనే నిలుస్తోందో ముందే జారిపోతోందో రాసుకోండి. అమెరికా ట్రాక్టర్ పందేల్లో స్లెడ్జ్ కదిలేకొద్దీ బరువుపెట్టె ముందుకు జరిగి నేలకు అదుముతుంది. అంత యంత్రం మనకు అక్కర్లేదు, బస్తాలు చాలు.

భద్రత మీద మాత్రం బేరం లేదు. సాగే నైలాన్ తాడు వాడొద్దు. తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది. గొలుసు వాడి, దాని మీద బరువైన గోనెపట్టా వేయండి. గొలుసు వరసలో ఎవరూ నిలబడకూడదు. హెల్మెట్, బెల్టులు, ఇంజిన్ ఆపే రెండు మీటలూ పనిచేస్తేనే లాగుడు. ఒక అధ్యాపకుడు దగ్గరుండాలి, ఫోన్లో కాదు.

డబ్బు గురించి యాజమాన్యాలకు ఒక మాట. బయట షాపులో మొత్తం ఛాసిస్ చేయించి స్టిక్కర్ అంటించుకొచ్చే పద్ధతికి పెట్టే ఖర్చులో కొంత మట్టి దారికి మళ్లించండి. విజయవాడ ఆటోనగర్‌కో, హైదరాబాద్ బాలానగర్‌కో పిల్లల్ని పంపండి, కానీ బండి చేయించుకురావడానికి కాదు, వెల్డింగ్ నేర్చుకురావడానికి. ఆడపిల్లలకు స్పాన్సర్ల ఉత్తరాలు, పవర్‌పాయింట్లు అప్పగించి స్పానర్లు మగపిల్లలకిచ్చే అలవాటు మానండి. స్టీరింగ్ దగ్గరా ఆడపిల్లలను కూర్చోబెట్టండి. బండి తయారీకి ప్రాజెక్టు మార్కులిచ్చి, సాయంత్రం ఏడింటి దాకా వర్క్‌షాపు తాళం తీసి ఉంచండి. అయిదింటికి తాళం వేసే వర్క్‌షాపులో ఏ బండీ పూర్తికాదు.

విద్యార్థులారా, అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. మైదానం మూల చదును చేసుకుంటామని అర్జీ ఈ వారమే రాయండి. లాగిన దూరం, కాటా అంకె, టైరు గాలి పుస్తకంలో రాసి తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి. ప్రిన్సిపాళ్లు ఈ సెమిస్టర్ ముగిసేలోపు స్థలం కేటాయించండి. మొదటి లాగుడు పరీక్షకు తల్లిదండ్రులను, ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్కులను తప్పక పిలవండి.