యూరిక్ యాసిడ్ పెరిగిందా? పప్పుని తిట్టకండి!

ఆఫీసులో హెల్త్ చెకప్ చేయించారు. రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క లైను మాత్రం ఎర్రగా కనిపిస్తోంది: యూరిక్ యాసిడ్ 7.6. ఇక సలహాలు మొదలు! పప్పు మానేయమని అమ్మ, టమాటా ముట్టుకోవద్దని పక్కింటి అంకుల్, తప్పంతా పాలకూరదేనని వాట్సాప్ గ్రూపు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మన కణాల్లో, తినే తిండిలో ప్యూరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి విరిగితే యూరిక్ యాసిడ్ తయారవుతుంది. చాలా జంతువుల్లో దాన్ని కరిగించే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పరిణామక్రమంలో మనిషి దాన్ని పోగొట్టుకున్నాడు. అందుకే బయటికి పంపడమే మనకు దారి. సుమారు మూడింట రెండు వంతులు కిడ్నీల ద్వారా మూత్రంలో పోతుంది. మిగతా వంతు పేగుల్లోకి చేరుతుంది. అక్కడి కొన్ని బ్యాక్టీరియాలకు అదే భోజనం!

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ పనిచేసే జన్యువులను పేగు బ్యాక్టీరియాలో గుర్తించారు. యూరికేజ్ లేని ఎలుకల్లో పేగు బ్యాక్టీరియాని తొలగిస్తే యూరిక్ యాసిడ్ విపరీతంగా పెరిగింది. ఈ రకం బ్యాక్టీరియాని చంపే యాంటీబయోటిక్స్ వాడిన మనుషుల్లో గౌట్ ముప్పు ఎక్కువగా ఉన్నట్టూ తేలింది.

మరి మనమేం చేయాలి?

జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసుకోకండి. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఆ మందు పనిచేయదు. పోయేది పేగుల్లోని మంచి బ్యాక్టీరియానే. డాక్టర్ రాసిస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే.

పప్పు, పాలకూర భయం లేకుండా తినొచ్చు. వాటి వల్ల గౌట్ ముప్పు పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. పైగా వాటిలోని పీచు పేగు బ్యాక్టీరియాకి మంచి ఆహారం. తగ్గించాల్సింది వీకెండ్ బీరు, లివర్ ఫ్రై, మితిమీరిన మటన్, చక్కెర వేసిన కూల్‌డ్రింకులు. నీళ్లు బాగా తాగండి.

‘అయితే ప్రోబయోటిక్ క్యాప్సూల్ కొనేస్తే సరి’ అనుకుంటున్నారా? తొందరపడకండి. యూరిక్ యాసిడ్‌కి అది మందని ఇంకా రుజువు కాలేదు.

నొప్పి లేకుండా అంకె కొంచెం పెరిగిందంటే చాలామందికి మాత్రలు అక్కర్లేదు. కానీ అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టుంటే డాక్టర్‌ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇప్పటికే గౌట్‌కి మందులు వాడుతుంటే, ఇది చదివి ఆపేయకండి!