కళ్ళలోకి చూడమనే వారికి

మా మేనల్లుడికి పదిహేనేళ్ళు. ఊరు జనగామ. ఆటిజం ఉన్న పిల్లవాడు. మొన్న సెలవుల్లో వెళ్ళినప్పుడు అక్క వాడి నోటుపుస్తకం చూపించింది. శిక్షణలో రాయించారట: "ఎదుటివారి కళ్ళలోకి చూడవలెను. చిరునవ్వు నవ్వవలెను. కరచాలనము చేయవలెను."

ఆ సాయంత్రం మా పెద్దబాపు వచ్చారు. వాడు పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు. రెప్పవేయకుండా ఆయన కళ్ళలోకి చూస్తూ, నవ్వుతూ చేయి చాచాడు. ఆయన ముఖం చిన్నబోయింది. "పోరనికి పెద్దంతరం చిన్నంతరం లేదు" అన్నారు.

తప్పెవరిది మిత్రులారా?

పెద్దల ముందు చూపు దించడం మన మర్యాద. 'సరే' అనడానికి తల పక్కకు ఊపుతాం. విస్తరికి చేయి అడ్డం పెడితే అది నిజంగా వద్దనడమో, మొహమాటమో మనకు తెలుస్తుంది, వాడికి తెలియదు. నేర్పవలసినవి ఇవి. పరదేశపు పుస్తకం దించి రాయించడం బోధన అనిపించుకోదు.

చూపు కలపడం తమకు బాధాకరమని, పక్కకు చూస్తేనే మాట బాగా వినబడుతుందని ఆటిజం ఉన్నవారు ఎందరో చెప్పుకున్నారు. స్వయంగా ఆటిజం ఉన్న డేమియన్ మిల్టన్ 2012లోనే అన్నాడు, ఈ అపార్థం ఇరువైపులా ఉన్నదని. మరి పాఠం ఒక్కవైపేనా?

అసలే నేర్పవద్దని నా వాదన కాదు. ఎదుటివాడి కోపం, ఎగతాళి, దురుద్దేశం పోల్చుకోవడం ఈడొచ్చిన పిల్లలకు ప్రాణావసరం. దాన్ని దారి తెలిపే పటంలా నేర్పండి, నటనలా కాదు.

2016లో వరంగల్లును విడదీసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేశారు. ఆ యేడే ఆటిజాన్ని 21 వైకల్యాలలో చేర్చుతూ చట్టం వచ్చింది. జాతీయ సంస్థ మాత్రం 1984 నుండీ సికింద్రాబాదులోనే ఉంది. భూపాలపల్లి గనికార్మికుడు షిఫ్టు మానుకుని బస్సుల్లో బిడ్డను అంతదూరం ఎన్నిసార్లు తిప్పగలడు? మహబూబాబాద్ తండాలో లంబాడీ తల్లి ఇంటి మర్యాదలు అక్కడి పాఠంలో ఉంటాయా?

మండలాల్లోని భవిత కేంద్రాలకు తోటి విద్యార్థులనూ, ఉపాధ్యాయులనూ పిలవండి. చూపు కలపనివాడు పొగరుబోతు కాడని వారికీ ఒక పాఠం చెప్పండి. ఖర్చు స్వల్పం.

మీ ఊళ్ళో పెద్దలను ఎలా పలకరిస్తారో, మాట అనకుండానే ఎలా వద్దంటారో వ్యాఖ్యల్లో రాయండి. మావాడి నోటుపుస్తకంలో ఇంకా చాలా పుటలు ఖాళీగా ఉన్నాయి.