పోడు అని వెతికితే దొరకదు

పార్లమెంటులో మన ఎంపీ ఏం మాట్లాడారో తెలుసుకోవడం మన హక్కు అంటే కాదనేవాళ్లు లేరు. ఆ మాటలన్నీ ఇంటర్నెట్టులోనే ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు అని కూడా అంటారు. ఈ రెండో మాట దగ్గరే నాకు పేచీ. ఉండటం వేరు, దొరకడం వేరు. అటు పాలకొండ నుంచి ఇటు రంపచోడవరం దాకా పరుచుకున్న అరకు నియోజకవర్గంలో, తన బతుకు గురించి సభలో జరిగిన చర్చని వెతుక్కుందామనుకున్న గిరిజనుడికి అది దొరకదు. నేను చాలాకాలంగా ఈ రికార్డుల్లో వెతుకుతున్నాను కాబట్టి, ఎందుకు దొరకదో వివరంగా చెప్పగలను.

అసలు దొరికితే ఏం లాభం అని అడిగేవారి కోసం ముందు ఒక సంగతి. 2005 డిసెంబర్ 13న లోక్‌సభలో అటవీ హక్కుల బిల్లు పెట్టారు. 1980 అక్టోబర్ 25కి ముందు నుంచి అడవి భూమిని సాగు చేస్తున్న షెడ్యూల్డ్ తెగల వాళ్లకే హక్కు అని ఆ బిల్లులో రాసి ఉంది. దాన్ని సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. ఆ సంఘానికి అధ్యక్షుడు అప్పటి పార్వతీపురం ఎంపీ వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. 2006 మేలో సంఘం నివేదిక ఇచ్చింది. గడువు తేదీని 2005 డిసెంబర్ 13కి మార్చమంది. తరతరాలుగా అడవి మీద బతుకుతున్న ఇతరులనీ చేర్చమంది. ఆ డిసెంబర్‌లోనే రెండు సభలూ చట్టం చేశాయి, కొత్త తేదీ నిలిచింది. పాత తేదీకీ కొత్త తేదీకీ మధ్య పాతికేళ్లు. ఇవాళ అనంతగిరిలోనో హుకుంపేటలోనో ఒక రైతు చేతిలో అటవీ హక్కు పత్రం ఉందంటే, దాని వెనక కాగితం మీద మారిన ఈ తేదీ ఉంది. ఆ తేదీ కోసం ఎవరు పట్టుబట్టారు, ఎవరు అభ్యంతరం చెప్పారు అన్నది నివేదికలోనూ, ఉభయ సభల చర్చల్లోనూ అచ్చయి ఉంది. పత్రం అందిన రైతుకి ఆ సంగతి తెలియదు. పత్రం కోసం ఐటీడీఏ ఆఫీసు చుట్టూ తిరుగుతున్న రైతుకి అసలే తెలియదు.

సరే, వెతుకుదాం. ఏమని వెతకాలి? కొండల్లో ఎవరినడిగినా పోడు అంటారు. తెలుగు లిపిలో పోడు అని కొడితే పార్లమెంటు రికార్డులో ఏమీ రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే అక్కడొకటి ఇక్కడొకటి వస్తుంది. మిగతాదంతా ‘షిఫ్టింగ్ కల్టివేషన్’ కింద ఉంటుంది, లేకపోతే ‘ఎన్‌క్రోచ్‌మెంట్’ కింద ఉంటుంది. అంటే తాతల నాటి నుంచి చేస్తున్న సాగు గురించి తెలుసుకోవాలంటే, ముందు తనని ఆక్రమణదారుడని ఒప్పుకుని ఆ మాటతోనే వెతకాలి. ఇదేదో పదాల పట్టింపు అనుకోకండి. 2002 మే 3న కేంద్ర అటవీ శాఖ రాష్ట్రాలకి ఒక ఉత్తర్వు పంపింది. సెప్టెంబర్ నెలాఖరులోగా అడవుల్లోని ఆక్రమణలు తొలగించమంది. ఆ ఉత్తర్వు నడిచింది ఈ మాట మీదే. దేశమంతటా ఇళ్లూ పంటలూ పోయింది ఈ మాట కిందే. కాగితంలో ఏ మాట రాస్తే కొండ మీదకి ఆ మాటే వస్తుంది.

తర్వాతది భాష. రాజ్యాంగం 120వ అధికరణ ప్రకారం పార్లమెంటు వ్యవహారాలు హిందీలోనో ఇంగ్లీషులోనో సాగాలి. ఆ రెండిట్లోనూ సరిగా చెప్పుకోలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడనివ్వడం సభాధ్యక్షుడి చేతిలో ఉంటుంది. మన వాళ్లు లోక్‌సభలో తెలుగులో మాట్లాడితే మనకి ముచ్చటగా ఉంటుంది. కానీ చర్చల సంపుటం తెరిచి చూడండి. అక్కడ తెలుగు ఉండదు. ఇంగ్లీషు అనువాదం ఉంటుంది, పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది, పుట అడుగున ఇది తెలుగు ప్రసంగానికి అనువాదం అని ఒక ముక్క ఉంటుంది. మనిషి పలికిన మాట పోయి, ఎవరో దిద్దిన మాట మిగులుతుంది. తెలుగుకే ఈ గతి పడితే కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ల సంగతి ఏమిటి? అవి ఎనిమిదో షెడ్యూలులోనే లేవు. సంతాలీ, బోడో అందులోకి ఎక్కడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. కువిలో చెప్పుకున్న కష్టం తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మారి రికార్డుకి చేరేసరికి, చెప్పినవాడు చూసుకున్నా అది తనదని గుర్తుపట్టలేడు.

మూడోది ఊళ్ల పేర్లు. అరకు అనే లోక్‌సభ నియోజకవర్గం 2008 పునర్విభజనలో పుట్టింది. దానికి ముందు ఈ కొండల మాటలు పార్వతీపురం, భద్రాచలం వంటి వేరే పేర్ల కింద ఉన్నాయి. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు పాడేరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. విశాఖ అని వెతికితే ఉక్కు ఫ్యాక్టరీ, రైల్వే జోను, ఓడరేవు వరసగా వస్తాయి. పాడేరు వాటి వెనక ఎక్కడో నక్కి ఉంటుంది. ఇంకా వెనక్కి, మద్రాసు కాలానికి వెళ్తే అది ‘వైజాగపటం’. జనం పేర్లూ అంతే. ఖోండు, కోదు, సామంత, కువింగ అని ఒకే జనాన్ని ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా రాశారు. ఇవన్నీ ముందే తెలిసినవాడికే వెతుకులాట సాధ్యం. అంత తెలిసినవాడికి వెతకాల్సిన అవసరం ఏముంటుంది?

ఢిల్లీ దూరం, పోనీ అమరావతి? శాసనసభలో చర్చలు తెలుగులోనే జరుగుతాయి. నా లెక్కలో ఆ సంపుటాలు తెలుగు వచనానికి పెద్ద నిధి. శ్రీకాకుళం ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, గిరిజన భూముల మీద 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చిన రోజుల్లో, మన శాసనసభ్యులు ఏ మాటలు వాడారో చదవాలని ఏ కథకుడికి ఉండదు? కానీ పాత పుటలు ఫోటోలు. అందులో అక్షరం యంత్రానికి అక్షరంగా కనిపించదు. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కొట్టిన కాగితాలైతే మరీ విచిత్రం. కంటికి తెలుగు, వెతుకుడు పెట్టెకి పిచ్చిగీతలు.

ఇంత కష్టం ఉంది కాబట్టే మనం లెక్కలతో సరిపెట్టుకుంటున్నాం. హాజరు ఎంత శాతం, ప్రశ్నలు ఎన్ని, చర్చలు ఎన్ని. పీఆర్‌ఎస్ లాంటి సంస్థలు ఈ వివరాలు ఓపికగా పోగుచేసి పెడుతున్నాయి, అది మంచి పనే. కానీ పత్రికలు దాన్ని పదో తరగతి మార్కుల జాబితాగా మార్చేశాయి. వంద ప్రశ్నలు వేసిన ఎంపీ ఏం అడిగారు? మంత్రి ఏం బదులిచ్చారు? అటవీ హక్కుల మీద ప్రశ్న వేస్తే సాధారణంగా రాష్ట్రాలవారీ పట్టిక ఒకటి జవాబుగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ అని ఒక వరస ఉంటుంది. ఆ వరసలో డుంబ్రిగుడ ఎక్కడ? ముంచింగిపుట్టు ఎక్కడ? జిల్లాలవారీగా, మండలాలవారీగా ఎందుకివ్వరని మళ్లీ ప్రశ్న వేయించాలంటే, ముందు వచ్చిన జవాబు చదివినవాళ్లు నియోజకవర్గంలో ఉండాలి కదా.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరిస్తున్నాం’ అంటే అది ఉత్త మర్యాద మాట కాదు. అలాంటి మాటలకి ఒక జాబితా ఉంది. అవి హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని అడగాలి. ఇది చూడటానికి 1953 నుంచీ లోక్‌సభలో ప్రభుత్వ హామీల సంఘం ఉంది. రోడ్డు లేక నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకెళ్తున్న ఊళ్లు ఈ కొండల్లో ఇంకా ఉన్నాయి. ఆ రోడ్డు గురించి సభలో పరిశీలిస్తామన్న మాట ఎప్పుడైనా వచ్చిందా, వస్తే మూడు నెలలు ఎన్నిసార్లు గడిచాయి అని అడిగే హక్కు డోలీ మోసేవాడిదే. ఆ కాగితం అతని చేతికి అందకపోతే అడిగేది ఎవరు?

ఎంపీలు తమ ప్రసంగాల వీడియోలు పెడుతూనే ఉన్నారు కదా అంటారు. పెడతారు. తాము మాట్లాడింది పెడతారు, మంత్రి తోసిపుచ్చింది పెట్టరు. మాట్లాడని రోజు వీడియో ఎవరూ పెట్టరు. గిరిజనులకి ఇవన్నీ ఎవరు చదువుతారు అని ఇంకొందరు అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. డీఎస్సీకి చదువుతున్న పిల్లలు పాడేరులో, అరకులో ఎంతమంది ఉన్నారో వెళ్లి చూడండి. వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి, వాళ్లకి ఇంగ్లీషూ వచ్చు. ఎన్నికల సభలో ఆ జీవో మీద ఎవరు ఏం చెప్పారో వాళ్లకి గుర్తుంది. అదే పార్టీ సభలోపల ఏం అన్నదో, అసలేమైనా అన్నదో పక్కన పెట్టి చూసుకునే వీలు వాళ్లకి ఎందుకుండకూడదు?

ఇది చేయలేని పనేం కాదు. బ్రిటన్‌లో 2004లోనే కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ‘దే వర్క్ ఫర్ యూ’ అని ఒక సైటు కట్టారు. మీ పిన్‌కోడు కొడితే మీ ఎంపీ మాటలన్నీ వస్తాయి. మీరు చెప్పిన మాట సభలో వినబడితే మీకు ఈమెయిల్ వస్తుంది. మన దగ్గర సభ మాటలు జనానికి చేరాలని ఫిరోజ్ గాంధీ 1956లో పట్టుబట్టి చట్టం చేయించారు. ఎమర్జెన్సీలో దాన్ని రద్దు చేశారు, 1977లో మళ్లీ తెచ్చుకున్నాం. ఆ మాటలకి భయపడ్డ ప్రభుత్వాన్ని చూసిన దేశం మనది.

నేను అడిగేవి నాలుగు. తెలుగులో మాట్లాడిన ప్రసంగం తెలుగులోనే అచ్చు కావాలి, అనువాదం దాని పక్కన ఉండొచ్చు. పాత శాసనసభ సంపుటాలని యూనికోడ్‌లోకి మార్చాలి. ప్రతి ప్రశ్నకీ జవాబుకీ మండలం పేరు, జనం వాడే మాట తగిలించాలి, పోడుని పోడు అనే రాయాలి. ఏడాదికి ఒకసారి, ఈ ప్రాంతం మీద సభలో వచ్చిన ప్రశ్నలూ జవాబులూ హామీలూ గ్రామసభలో చదివి వినిపించాలి, కువి ఊళ్లో కువిలో. పెసా చట్టం 1996లోనే గ్రామసభకి పెద్దరికం ఇచ్చింది. ఆ పెద్దమనిషికి ఢిల్లీలో ఏం మాట్లాడుకున్నారో చెప్పాలి కదా.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరుకోనక్కర్లేదు కూడా. ఆదివాసీ కథల మీద, పాటల మీద వ్యాసాలు రాసే మనం ఒక్కొక్కరం ఒక్కో చర్చ తీసుకుని తెలుగులోకి కొట్టి పెట్టినా పని మొదలవుతుంది. 2006 నాటి నివేదికతో మొదలుపెట్టండి. గడువు తేదీ గురించి రాసిన పుటలు ముందు చేయండి. పత్రం కోసం తిరుగుతున్న రైతుకి వెంటనే పనికొచ్చేవి అవే.