మాత్రలిచ్చేవాళ్లు కళ్ల సంగతి కూడా అడగాల్సిందే



"మందులేసుకుంటే కండ్లు మసకబారతాయి, మామూలే." ఈ మాట చిత్తూరు, తిరుపతి జిల్లాల మన యానాది, ఎరుకల, సుగాలి కాలనీల్లో ఇంక చెల్లకూడదు అంటున్నాం.

మన దేశంలో హెచ్‌ఐవీకి ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్‌ 1న మొదలైంది. ఆ మందులు ప్రాణాలు నిలబెట్టాయి. వాటితో మాకు గొడవ లేదు. అయితే హెచ్‌ఐవీ ఉన్నోళ్లకు టీబీ తొందరగా వస్తుంది. అప్పుడు టీబీ మాత్రలూ మింగాలి. అందులో ఇథాంబ్యుటాల్‌ అనేది కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. కిడ్నీలు బాగాలేకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. చూపు మసకబారుతుంది, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తొందరగా కనిపెట్టి ఆ మందు ఆపితే చాలామందికి చూపు తిరిగొస్తుంది. ఆలస్యమైతే పోయిన చూపు పోయినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 6 నెలల మామూలు కోర్సులో ఈ మందు మొదటి 2 నెలలే. మన దేశంలో 6 నెలలూ ఇస్తారు. ఎక్కువ కాలం మింగించేటప్పుడు ఎక్కువసార్లు కళ్లు చూడాలా, వద్దా?

చదువు రానోళ్లకు పరీక్ష ఎట్లా చేసేది అంటారా? 'ఈ' గుర్తుల చార్టు ఉంది, గీతలు ఎటు తిరిగాయో వేలితో చూపిస్తే చాలు. పండుమిరప, పచ్చిమిరప పక్కపక్కన పెట్టి ఒక్కో కన్ను మూసి అడగండి. దీనికి ఖర్చేముంది?

గుట్టు బయటపడుతుందంటారా? టీబీ మందులేసుకునే అందరికీ చేస్తే ఎవరికి హెచ్‌ఐవీ ఉందో ఎట్లా తెలుస్తుంది? గుట్టు కాపాడమని 2017 చట్టమే చెబుతోంది.

తిరుపతిలో రుయా, స్విమ్స్‌, అరవింద్‌ కంటి ఆస్పత్రి ఉన్నాయి, నిజమే. సత్యవేడు పక్క కాలనీ నుంచి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకే మొదటి పరీక్ష మన పీహెచ్‌సీలోనే జరగాలి. మందు మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత నెలనెలా.

మనవాళ్లకూ ఒక మాట. కళ్లు మసకగా ఉన్నాయని మాత్రలన్నీ మీకు మీరే ఆపొద్దు. ఏఆర్‌టీ ఆపి సీడీ4 50 కంటే కిందికి పడితే సీఎంవీ అనే వైరస్‌ కంటి లోపలి పొరను తినేస్తుంది. మసక కనిపించిన రోజే పోయి చెప్పండి. ఏ మందు ఆపాలో డాక్టరే చెప్పాలి.

హాస్టల్‌ పిల్లలం ఈ సెలవులకు ఇంటికి పోతాం కదా. టీబీ మందులేసుకునే ప్రతి ఇంట్లో ఆ రెండు మిరపకాయలతో అడుగుదాం. తేడా చెప్పలేనోళ్లను మనమే ఆస్పత్రికి తీసుకుపోదాం.

జై భీమ్‌. జై ఆదివాసీ.