‘డీఎన్‌ఏలోనే ఉంది’ అనే ముందు

నాయకుడి కొడుకు ఎన్నికల్లో గెలిస్తే రాజకీయం అతని డీఎన్‌ఏలోనే ఉందంటాం. నటుడి మనవడు రెండు స్టెప్పులు వేస్తే అదీ డీఎన్‌ఏ మహిమే. నిన్నటిదాకా ‘రక్తంలోనే ఉంది’ అన్న మాటకు సైన్సు చొక్కా తొడిగాం, అంతే. కాదంటే ప్రయోగశాలనే సాక్ష్యానికి పిలుస్తారు: “మొక్క జీన్‌ను బ్యాక్టీరియాలో పెడితే మొక్క ప్రొటీనే తయారవుతోంది కదా, జీన్ ఉంటే చాలదా?” సరే, ఆ సాక్షినే విచారిద్దాం.

మొక్కల్లో నీలికాంతిని పసిగట్టే ప్రొటీన్లలో క్రిప్టోక్రోమ్ ఒకటి. ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దాని జీన్‌ను మార్గరెట్ అహ్మద్, ఆంథొనీ కాష్‌మోర్ 1993లో ప్రకటించారు. ఆ జీన్ చెడిన మొలక నీలికాంతిలో ఉన్నా చీకట్లో ఉన్నట్టే సన్నగా సాగిపోతుంది.

ఈ జీన్‌ను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో కూర్చి ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తారు. కానీ మొక్కలోంచి తీసింది తీసినట్టు ఎక్కిస్తే పని జరగదు. మొక్క జీన్‌లో మధ్యమధ్య వచ్చే, ప్రొటీన్‌కు అక్కరలేని ఇంట్రాన్లనే ముక్కలను కత్తిరించే యంత్రాంగం ఈ.కోలైకి లేదు. మొక్క అప్పటికే కత్తిరించి పెట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ నకలు తీయాలి. దాని ముందు బ్యాక్టీరియాలో పనిచేసే ప్రమోటర్, అంటే జీన్‌ను చదవడం మొదలుపెట్టించే డీఎన్‌ఏ ముక్క, తగిలించాలి. తరచుగా అది టీ7 అనే వైరస్ దగ్గర అరువు తెచ్చిందే. ఇంత చేశాక కూడా 37 డిగ్రీల వెచ్చదనంలో తొందరపెడితే ప్రొటీన్ సరిగా మడత పడక ఉండకట్టవచ్చు. అందుకే కల్చర్‌ను 20 డిగ్రీల దిగువకు చల్లబరిచి, రాత్రంతా ఓపిక పడతారు. జీన్‌లో ఒక్క అక్షరమూ మారలేదు, ఫలితం మాత్రం మారింది.

అసలు సంగతి ఇంకా ఉంది. క్రిప్టోక్రోమ్ ప్రొటీన్ గొలుసు తనంతట తాను నీలికాంతిని పట్టలేదు. పట్టేది దాని ఒడిలో కూర్చునే ఎఫ్‌ఏడీ. బి2 విటమిన్ నుంచి తయారయ్యే పసుపుపచ్చని అణువది. ఆ అణువు ఈ జీన్‌లో ఎక్కడా రాసి లేదు. బ్యాక్టీరియా తన కోసం వండుకున్న దాంట్లోంచే వడ్డించాలి.

పోనీ, వంశమైనా మాట నిలబెట్టిందా? క్రిప్టోక్రోమ్‌కు దగ్గరి చుట్టం ఫోటోలయేజ్. దెబ్బతిన్న డీఎన్‌ఏను కాంతి సాయంతో బాగుచేసే ఎంజైమ్ అది. తర్వాత 2015లో నోబెల్ అందుకున్న అజీజ్ సాంజార్ బృందం 1995లో క్రిప్టోక్రోమ్‌ను పరీక్షించింది. పోలిక ఉంది, ఎఫ్‌ఏడీ ఉంది, మరమ్మతు చేసే గుణం మాత్రం లేదు.

ఇక ఆ బ్యాక్టీరియా వెలుగు చూసి మొక్కలా నడుచుకుంటుందా అంటే, అదీ లేదు. మొక్కలో క్రిప్టోక్రోమ్ మాట అందుకుని కాండం సాగకుండా ఆపే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. ఈ.కోలైలో అవి లేవు, ఆపడానికి కాండమూ లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

“మరి బ్యాక్టీరియాతో చేయించిన ఇన్సులిన్ సంగతో?” అంటారు. మంచి ప్రశ్నే. 1978లో ఈ.కోలై తయారుచేసింది ఇన్సులిన్ తాలూకు రెండు గొలుసులను, అదీ విడివిడిగా. వాటిని జతచేసింది బయట మనుషులు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా ప్రొటీన్‌కు ఆశ్రయమిచ్చింది బ్యాక్టీరియా కాదు, ఈస్టు. ఏ జీన్‌కు ఏ ఇల్లు కుదురుతుందో వెతకడమే ఈ వృత్తిలో సగం పని. జీన్ ఒక్కటే చాలితే ఆ వెతుకులాట దేనికి?

జీన్‌ను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అది లేనిదే క్రిప్టోక్రోమ్ లేదు. కానీ ‘అది లేకపోతే కాదు’ అనడం వేరు, ‘అది ఉంటే చాలు’ అనడం వేరు. మొదటిది సైన్సు, రెండోది జాతకం.

కాబట్టి నాయకుడి కొడుకు గెలిచినప్పుడు డీఎన్‌ఏను పొగడకండి. టికెట్ ఎవరిచ్చారో, ఖర్చు ఎవరు పెట్టారో అడగండి. అతని ఎఫ్‌ఏడీ అక్కడుంది.